ఎముక పెరుగుతోంది సరే, పిక్క సంగతేంటి?

ఖమ్మం వైపు నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నా. తెలియనివాళ్ళకి ఒక మాట: పొట్టిగా ఉన్న కాలిని పొడుగు చెయ్యడానికి ఎముకని కోసి, కాలి చుట్టూ ఇనప రింగులు పెట్టి పిన్నులతో ఎముకకి బిగిస్తారు, రోజూ నట్లు తిప్పుతూ ఆ రెండు ముక్కల్ని కొంచెం కొంచెం దూరం జరుపుతుంటే మధ్య సందులో కొత్త ఎముక వస్తుంది.

"మా అమ్మాయికి 13 ఏళ్ళు. మూడేళ్ళప్పుడు కుడి మోకాలి కింద ఎముకలో చీము పట్టి ఆపరేషన్ అయింది, అప్పట్నుంచి ఆ కాలు సరిగ్గా ఎదగలేదు, ఇప్పుడు 5 సెంటీమీటర్లు పొట్టి. పోయిన నెల రింగులు వేశారు. రోజుకి నాలుగుసార్లు నట్లు తిప్పుతున్నాం, ఇవాళ్టికి 22 రోజులు. ఎక్స్‌రేలో కొత్త ఎముక బాగా వస్తోందన్నారు. కానీ పిక్క రాయిలా అయిపోయింది, పాదం కిందికి వాలుతోంది, నించోబెడితే మడమ నేలకి ఆనట్లేదు. ఫిజియో చేయిస్తుంటే ఒకటే ఏడుపు. మా అత్తయ్య 'పసిదాన్ని ఎందుకు హింస పెడతారు, మోకాలి కింద దిండు పెట్టి పడుకోనివ్వండి, ఎముక అతుక్కున్నాక అదే సర్దుకుంటుంది' అంటున్నారు. మా మరిదేమో రోజుకి రెండు మిల్లీమీటర్లు తిప్పితే సగం రోజుల్లో అయిపోతుంది కదా అంటున్నాడు. ఎముకంటే డాక్టర్ గారు పెంచుతున్నారు, మరి కండని ఎవరు పెంచుతారు? రబ్బరులా సాగి సాగి తెగిపోతుందా? ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివా. "కండని ఎవరు పెంచుతారు" అన్నారు చూడండి, ఇన్నేళ్ళుగా ఫిజియోగా రింగుల కాళ్ళు చూస్తున్నా, ఆ ప్రశ్న అడిగినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. అందరూ ఎక్స్‌రే చూస్తారు, ఎముక వచ్చిందా లేదా అని అడుగుతారు, వెళ్ళిపోతారు. జవాబు ముందే చెప్పేస్తా. కండ తెగదు, కండ కూడా పెరుగుతుంది, కాకపోతే ఎముకంత తొందరగా పెరగదు, దాన్ని వదిలేస్తే అస్సలు పెరగదు. రోజూ సాగదీసి పట్టుకునేవాళ్ళు ఒకళ్ళు కావాలి. ఇంట్లో ఆ మనిషి మీరే.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యండి, ఇది చదవడం ఆపేసి అయినా సరే. అమ్మాయిని కూర్చోబెట్టి కుడి కాలి బొటనవేలు పైకి లేపమనండి, తర్వాత పాదం మొత్తం తన వైపుకి లాక్కోమనండి. వేలు లేస్తోంది, పాదం కొంచెం వచ్చి పిక్క పట్టేసి ఆగిపోతోంది అంటే అది కండ బిగుతు, దాని గురించే మిగతాదంతా రాస్తున్నా. అసలు వేలే లేవట్లేదు, లేదా బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో ముట్టుకుంటే తెలియట్లేదు, పాదం పైన తిమ్మిరి, మంటలు అంటే మాత్రం అది కండ కాదు, నరం. మోకాలి కింద బయటి వైపు నుంచి పాదానికి వెళ్ళే నరం ఒకటుంది, ఎముకతో పాటు అది కూడా సాగాలి, దానికి ఓపిక తక్కువ. అలా అనిపిస్తే ఆ పూటే సర్జన్‌కి ఫోన్ చెయ్యండి, మళ్ళీ చెకప్ దాకా ఆగొద్దు. నరం కాకపోయినా సరే, 22 రోజులకే మడమ ఆనట్లేదంటే ఆ మాట కూడా రేపు ఫోన్‌లో చెప్పాల్సిందే. ఇంకా సగం దూరం కూడా రాలేదు కదా మనం.

ఇప్పుడు రబ్బరు విషయం. కండని రబ్బరుతో పోల్చుకుంటేనే ఈ భయాలన్నీ వస్తాయి, రబ్బరు లాగితే పల్చబడుతుంది, ఇంకా లాగితే తెగుతుంది, వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కండ అలా కాదు. మల్లెపూల దండ అనుకోండి. కండలో ఒక్కో పోగు లోపల సన్నని దారాలుంటాయి, ఆ దారాల్లో పూలలాగా చిన్న చిన్న ముక్కలు వరసగా కట్టి ఉంటాయి. వాటిని సార్కోమియర్లు అంటారు. ఒక్కోటి మిల్లీమీటర్‌లో సుమారు 400వ వంతు పొడుగు, కంటికి కనపడదు. కండ ముడుచుకోవడం, బలం తియ్యడం అంతా ఆ చిన్న ముక్కల్లోనే జరుగుతుంది. ఒక్కో ముక్కకీ ఒక సరైన పొడుగుంటుంది, ఆ పొడుగులో ఉంటేనే అది బాగా పని చేస్తుంది, మరీ లాగేస్తే లోపలి పట్టు జారి బలం పోతుంది.

మీరు పొద్దున్నుంచి రాత్రి దాకా నాలుగుసార్లు నట్టు తిప్పితే ఒక మిల్లీమీటర్. ఆ సాయంత్రానికి దండ ఒక మిల్లీమీటర్ సాగింది, పూలు అవే, మధ్యలో ఖాళీ పెరిగింది, అంటే ఒక్కో ముక్కా కాస్త కాస్త లాగబడింది. ఆ లాగుడే సంకేతం. కండ దాన్ని పట్టుకుని కొత్త పూలు కట్టడం మొదలుపెడుతుంది, అదీ ఎక్కువగా చివర్లలో, అంటే కండ వెళ్ళి టెండన్‌తో, కండని ఎముకకి కట్టే తాడులాంటి దానితో, కలిసే చోట. దండ పొడుగు కావాలంటే మనమూ చివరే కదా కడతాం. కొత్త పూలు పడ్డాక పాతవన్నీ మళ్ళీ తమ పొడుగుకి వచ్చేస్తాయి, బిగుతు తగ్గుతుంది. ఆ ఒక్క మిల్లీమీటర్‌ని మొత్తం పోగే భరించాలంటే ఒక్కో దారంలో రోజుకి 400 కొత్త ముక్కలు పడాలి. నిజంగా టెండన్ కూడా కొంత సాగి సాయం చేస్తుంది, కాబట్టి మొత్తం భారం పోగు మీదే పడదు, కానీ ఎంత పని జరుగుతోందో ఒక అంచనాకి చెప్పా. మీ అమ్మాయి పిక్క గట్టిపడింది అంటే చచ్చిపోయిందని కాదమ్మా, చెయ్యలేనంత పని నెత్తిన పడిందని.

ఇది ఊహించి చెప్పేది కాదు. కండ పోగు అంచున అతుక్కుని నిద్రపోతున్నట్టుండే కణాలుంటాయి, శాటిలైట్ సెల్స్ అంటారు, 1961లోనే కనిపెట్టారు. కండ లాగబడినా, దెబ్బతిన్నా అవి లేచి, రెట్టింపై, పోగులో కలిసిపోయి కొత్త సరుకు ఇస్తాయి. 2007లో అచ్చైన ఒక రిపోర్టు ఉంది, 16 ఏళ్ళ అమ్మాయికి తొడ ఎముక 4 సెంటీమీటర్లు పెంచారు, ముందు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి తొడ కండలో ఈ ముక్కల్ని కొలిచి లెక్కేస్తే వరసలో వాటి సంఖ్య రెట్టింపు దాటింది. ఒక్క మనిషి లెక్కే అది, అందరికీ అంతే అవుతుందని నేను అనను, కానీ మనిషి కండ కొత్త ముక్కలు కట్టుకోగలదనడానికి నాకది చాలు. పైగా మీ పాప ఇంకా ఎదిగే వయసులో ఉంది.

మరి కట్టుకోగలిగితే పాదం ఎందుకు వాలింది? ఇదే మీరు బాగా అర్థం చేసుకోవాల్సింది, అత్తయ్య గారికి కూడా చెప్పాల్సింది.

పిక్క చూడ్డానికి పొడుగ్గా కనిపిస్తుంది కదా, మోకాలి వెనక నుంచి మడమ దాకా. నిజానికి అందులో కింది భాగం చాలావరకు టెండన్, మడమ వెనక తాడులా చేతికి తగులుతుంది చూడండి, మనవాళ్ళు దాన్ని కూడా నరమనే అంటారు. పైన కండ ఉన్న చోట కూడా పోగులు నిలువుగా ఈ చివర నుంచి ఆ చివరకి ఉండవు, ఈకలో గీతల్లాగా ఏటవాలుగా ఉంటాయి, పెద్దవాళ్ళలోనే ఒక్కో పోగు పొడుగు సుమారు 5 సెంటీమీటర్లు. అంత పొట్టి పోగుల మీద 5 సెంటీమీటర్ల పెంపు వచ్చి పడుతోంది. పాదాన్ని పైకి లేపే ముందరి కండ పిక్కంత బలమైంది కాదు, కాబట్టి రెండిటి మధ్య లాగుడులో ఎప్పుడూ పిక్కే గెలుస్తుంది, పాదం కిందికి పోతుంది.

పాదం కిందికి వాలడం అనేది కండ తప్పించుకునే దారి. ఎముక 22 మిల్లీమీటర్లు పెరిగింది, కానీ మడమ పైకి లేచిపోతే కండ రెండు చివర్ల మధ్య దూరం మళ్ళీ తగ్గిపోయింది, దానికి హాయి. లాగుడు లేదు, సంకేతం లేదు, కొత్త పూలు కట్టాల్సిన అవసరమే లేదు. మోకాలి కింద దిండు పెట్టినా అంతే, ఎందుకంటే పిక్కలో పైన ఉన్న పెద్ద కండ మోకాలి పైనుంచే మొదలవుతుంది, మోకాలు మడిస్తే అది వదులైపోతుంది. పిల్లకి ఆ క్షణం సుఖంగానే ఉంటుంది, నిజమే, అత్తయ్య గారు ప్రేమతోనే చెప్తున్నారు. కానీ ఆ సుఖంలో కండ ఊరికే ఉండదు, ఉన్న పూలు కూడా తెంపేసుకుంటుంది. 1970ల మొదట్లో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో పిక్క లోపలి కండని పొట్టి చేసి కట్టు కడితే నాలుగు వారాల్లో ముక్కల్లో దాదాపు 40 శాతం పోయాయి, అదే కండని సాగదీసి కట్టు కడితే దాదాపు 20 శాతం పెరిగాయి. అదే కండ, అదే కట్టు, ఏ పొడుగులో పట్టుకున్నాం అన్నదే తేడా. అందుకే దిండు వద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. పెట్టాలనిపిస్తే మడమ కింద చిన్న టవల్ చుట్ట పెట్టండి, మోకాలు దానంతట అదే తిన్నగా వాలుతుంది.

దిండు దగ్గర ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చాలా ఏళ్ళ కిందట ఒక పిల్లాడు నా దగ్గరికి వచ్చేవాడు, పదకొండేళ్ళు, ఎడమ కాలు. వాళ్ళ నాన్న నట్లు తిప్పడంలో ఎంత జాగ్రత్తంటే ప్రతిసారీ టైమ్ రాసి పెట్టేవాడు, నోట్‌బుక్ తెచ్చి చూపించేవాడు, ఒక్క రోజు తప్పలేదు. కానీ ఇంట్లో పిల్లాడి ఏడుపు చూడలేక పగలంతా మోకాలు మడిచి దిండు మీద పెట్టేవాళ్ళు, నా దగ్గరున్న నలభై నిమిషాలే కాలు తిన్నగా ఉండేది. నేను అడిగా, చేయిస్తున్నారా అని, చేయిస్తున్నాం అన్నారు, నేను ఇంకో మాట అడగలేదు. ఎక్స్‌రే అద్భుతంగా వచ్చింది, ఎముక గట్టిపడింది, రింగులు తీశారు, పిల్లాడు మునివేళ్ళ మీద నడుస్తూ వచ్చాడు. మడమ వెనక టెండన్ పొడుగు చేసే ఆపరేషన్ ఇంకోటి అయింది. ఇప్పుడు బాగానే నడుస్తాడు, కానీ ఆ రెండో ఆపరేషన్ చాలావరకు తప్పించగలిగేది. ఆ రోజు నుంచి "చేయిస్తున్నారా" అని అడగడం మానేశాను, "రాత్రి పడుకున్నప్పుడు కాలు ఎలా ఉందో ఫొటో చూపించండి" అని అడుగుతున్నా.

ఇక ఏం చెయ్యాలో చెప్తా, మీ ఫిజియో చెప్పినదానికి ఇది తోడే గానీ మార్పు కాదు, తేడా ఉంటే వాళ్ళ మాటే వినండి, ఎందుకంటే వాళ్ళు కాలు చూశారు, నేను చూడలేదు. పాప మంచం మీద కాళ్ళు చాపి కూర్చోవాలి, మోకాలు పూర్తిగా తిన్నగా. ఒక చున్నీ తీసుకుని పాదం ముందు భాగానికి, వేళ్ళ కింద ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి అక్కడికి వేసి, రెండు చివర్లూ తన చేతుల్లోనే పట్టుకుని మెల్లగా తన వైపుకి లాక్కోవాలి. కుదుపులు వద్దు. పిక్క పట్టేసిన చోట ఆగి, అక్కడే 30 లెక్కపెట్టాలి, వదలాలి, మళ్ళీ. పది సార్లు. తర్వాత మోకాలు కొంచెం మడిచి అదే ఇంకో పది సార్లు, ఎందుకంటే పిక్కలో రెండు కండలున్నాయి, పైది మోకాలు తిన్నగా ఉన్నప్పుడే సాగుతుంది, లోపలిది మోకాలు మడిచినప్పుడు బాగా సాగుతుంది. ఒక్కటే చేస్తే సగం పనే. ఇలా రోజుకి నాలుగైదు పూటలు, నట్టు తిప్పే టైమ్‌కి జత చేసేస్తే మర్చిపోరు. మీరు చేత్తో చేస్తే మడమని అరచేతిలో గట్టిగా పట్టుకుని కిందికి లాగుతూ పాదాన్ని పైకి నెట్టాలి, ఒట్టి వేళ్ళు నెడితే పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది, చూడ్డానికి వచ్చినట్టే ఉంటుంది, మడమ మాత్రం కదలదు. ఈ తప్పు చాలా ఇళ్ళలో చూశా.

కానీ అసలు లాభం ఈ చేత్తో లాగే నిమిషాల కంటే మిగతా గంటల్లో ఉంది. రోజంతా పాదం వాలి ఉండి అరగంట సాగదీస్తే కండ ఏం వింటుంది? ఎలకల మీద ఒక ప్రయోగంలో కండని పొట్టిగా కట్టేసి ఉంచినా రోజుకి అరగంట విప్పి సాగదీస్తే ముక్కలు పోకుండా ఆగాయి, అంటే అరగంటకి ఆ మాత్రం బలం ఉంది, అయితే అది ఉన్నది నిలబెట్టుకోవడానికి. మనకి నిలబెట్టుకుంటే చాలదు కదా, రోజుకి ఒక మిల్లీమీటర్ కొత్తగా కట్టాలి. అందుకే పాదాన్ని 90 డిగ్రీల్లో పట్టి ఉంచే స్ప్లింట్ అడగండి, చెప్పులాంటి పలక ఒకటి పాదం కింద పెట్టి పట్టీలతో రింగుకి కట్టేస్తారు, రాత్రంతా అలాగే ఉంటుంది. అది చాలకపోతే కొందరు సర్జన్లు పాదానికి కూడా రింగు జత చేస్తారు, మడమ పారిపోకుండా. మీ ఉత్తరంలో స్ప్లింట్ మాటే లేదు, ఇచ్చారో లేదో నాకు తెలియదు, ఇచ్చి ఉంటే అది మంచం కింద ఉందో కాలికి ఉందో చూడండి. ఇవ్వకపోతే రేపటి ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. డాక్టర్ బరువు వెయ్యొచ్చన్నంత మేరకి వాకర్‌తో నించోబెట్టడం, నడిపించడం కూడా చెయ్యండి, మడమ కింద పెట్టే ప్రయత్నంతో. ఒంటి బరువే పిక్కని సాగదీస్తుంది.

ఏడుపు గురించి. ఇది తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు, 13 ఏళ్ళ పిల్ల, కాలికి ఇనప రింగులు, స్కూల్ లేదు, పక్కన స్నేహితులు లేరు. సాగదీస్తున్నప్పుడు గట్టిగా లాగుతున్నట్టు నొప్పి ఉంటుంది, వదిలిన కాసేపటికి తగ్గిపోవాలి. అది మామూలు. వదిలినా గంటలకొద్దీ సలపడం, ముట్టుకుంటే మంట, కరెంట్ కొట్టినట్టు ఉండటం మామూలు కాదు. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర ఉంటే ఎక్సర్‌సైజ్‌కి అరగంట ముందు ఇవ్వొచ్చా అని అడగండి, చాలా తేడా వస్తుంది. మెడికల్ షాప్‌లో అడిగి మీ అంతట మీరు మాత్రం తేవద్దు, కొన్ని రకాల నొప్పి మాత్రలు కొత్త ఎముక రావడాన్ని నెమ్మది చేస్తాయన్న అనుమానంతో సర్జన్లు వాటికి దూరంగా ఉంటారు. ఇంకోటి, చున్నీ తన చేతికే ఇవ్వండి. పెద్దవాళ్ళు లాగితే పిల్లలు ముందే బిగుసుకుపోతారు, బిగుసుకున్న కండని సాగదియ్యడం రెట్టింపు కష్టం. తనే లాక్కుంటే ఎక్కడ ఆపాలో తన చేతిలో ఉంటుంది. నా దగ్గర ఒక అమ్మాయి 30 లెక్కపెట్టడానికి బదులు రెండో ఎక్కం చదివేది, తర్వాత మూడోది, రింగులు తీసేసరికి పందొమ్మిదో ఎక్కం నోటికొచ్చేసింది.

మీ మరిది గారికి గట్టిగా చెప్పండి, రెండు మిల్లీమీటర్ల మాట ఇంక ఎత్తొద్దని. ఈ ఒక మిల్లీమీటర్ లెక్క ఊరికే వచ్చింది కాదు. 1905 ప్రాంతంలో ఇటలీలో ఎముక కోసి కాలిని ఒక్కసారిగా బలంగా లాగి పొడుగు చేసేవాళ్ళు, కండలూ నరాలూ ఆ దెబ్బకి ఒప్పుకునేవి కావు. 1950లలో సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్ళో ఇలిజారోవ్ అనే డాక్టర్ ఈ రింగుల పద్ధతి పట్టుకొచ్చాడు, ఆయన తర్వాత కుక్కల మీద రోజుకి అర మిల్లీమీటర్, ఒకటి, రెండు అని వేర్వేరు వేగాల్లో చేసి చూశాడు. అర అయితే కొన్నిసార్లు ఎముక పెంపు పూర్తవకముందే అతుక్కుపోయింది, రెండు అయితే ఎముకా సరిగ్గా రాలేదు, చుట్టూ ఉన్న కండా నరమూ కూడా దెబ్బతిన్నాయి. ఒకటే కుదిరింది, అది కూడా ఒకేసారి తిప్పడం కంటే చిన్న చిన్నగా ఎక్కువసార్లు తిప్పితేనే మేలు. మీరు నాలుగుసార్లు పావు పావు మిల్లీమీటర్ తిప్పేది అందుకే. పొద్దున మర్చిపోయాం కదా అని రాత్రి రెండు కలిపి తిప్పడం కూడా చెయ్యొద్దు, ముందు అడగండి. కండ కట్టుకునే వేగం కంటే మనం లాగే వేగం ఎక్కువైతే అది పూలు కట్టడం మానేసి పోగుల మధ్య పీచు పెంచుకుంటుంది. ముదిరిన బెండకాయ చూశారుగా, బయటికి పొడుగ్గానే ఉంటుంది, కొరికితే అంతా పీచు. అలాంటి కండ తర్వాత సాగదు, బలమూ ఉండదు.

ఇదే కారణంతో, పాదం వాలిందని చెప్పినప్పుడు సర్జన్ వేగం తగ్గించమనొచ్చు, రోజుకి మూడు సార్లే తిప్పమనో, కొన్ని రోజులు ఆపమనో. అది ఓటమి అనుకోకండి. కండకి ఊపిరి పీల్చుకునే టైమ్ ఇస్తున్నారు. కానీ మీ అంతట మీరు ఆపేస్తే ఎముక ముందే అతుక్కుపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఆపడమైనా తగ్గించడమైనా వాళ్ళు చెప్తేనే. 2016లో హైదరాబాద్‌లో ఒక కుర్రాడు ఎత్తు పెరగడం కోసమే ఇలాంటి ఆపరేషన్ ఇంట్లో చెప్పకుండా చేయించుకున్నాడని టీవీల్లో తెగ వచ్చింది, అప్పట్నుంచి నాకు ఫోన్ చేసే కుర్రాళ్ళందరూ ఎన్ని సెంటీమీటర్లు వస్తుందనే అడుగుతారు, పిక్క ఏమవుతుందని ఒక్కరూ అడగరు. మీ పాపది వేరు, తన నడుము వంకర పోకుండా, రెండు కాళ్ళూ సమంగా నడవడానికి చేయించారు. అయినా కండకి ఆ తేడా తెలియదు, రెండు చోట్లా లెక్క ఒకటే.

అత్తయ్య గారి గురించి ఇంకో అనుమానం, మీరు రాయలేదు గానీ అడుగుతున్నా. పథ్యం పెడుతున్నారా? పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు అని కారప్పొడి అన్నం పెట్టే ఇళ్ళు నాకు తెలుసు, అందులోనూ ఈ పిల్లకి చిన్నప్పుడు చీము పట్టిన ఎముక కాబట్టి భయం ఇంకా ఎక్కువే ఉంటుంది. పిన్నుల దగ్గర చీము వచ్చేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కొత్త ఎముకకీ కొత్త కండకీ సరుకు కావాలి కదా, అది గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, శనగలు, చేప, మీ ఇంట్లో ఏది తింటే అది. అన్నం ఒక ముద్ద తగ్గినా పర్లేదు, పప్పు తగ్గకూడదు. నూనె మర్దన కూడా అడుగుతారు తప్పకుండా. తొడకి చెయ్యండి, మంచిదే, అత్తయ్య గారికి ఆ పని అప్పజెప్పండి, ఆవిడకీ తృప్తిగా ఉంటుంది. రింగులున్న చోట మాత్రం నూనె చుక్క కూడా పడొద్దు. పిన్ను చుట్టూ ఎర్రగా వాచి చీము కారినా, జ్వరం వచ్చినా, లేదా పిక్క అంతా ఒక్కసారిగా వాచి వేడిగా అయినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి, ఇవి బిగుతు కాదు.

ఎన్నాళ్ళు ఇదంతా? 5 సెంటీమీటర్లంటే తిప్పడం దగ్గర దగ్గర 50 రోజులు, మధ్యలో ఆపితే ఇంకొన్ని. తర్వాత తిప్పడం ఉండదు గానీ రింగులుంటాయి, కొత్త ఎముక గట్టిపడటానికి సెంటీమీటర్‌కి ఒక నెల, నెలన్నర వేసుకోండి. కండ విషయంలో కష్టమైన రోజులు తిప్పడం చివరి రెండు వారాలు, ఆపాక మొదటి కొన్ని వారాలు. అప్పుడే ఇంటిల్లిపాదీ అలిసిపోయి ఉంటారు, నట్లు అయిపోయాయి కదా అని చున్నీ కూడా పక్కన పడేస్తారు. అక్కడే జారిపోతారు. లాగుడు ఆగిన తర్వాత కూడా కండ నెలల తరబడి పూలు కట్టుకుంటూనే ఉంటుంది, ఆ నెలల్లోనే సాగదియ్యడం బాగా ఫలిస్తుంది, నొప్పి కూడా తక్కువ. బలం మాత్రం నిదానంగా వస్తుంది, రింగులు తీశాక కూడా ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు, ఆ పిక్క రెండో దానికంటే కొంచెం సన్నగానే ఉండిపోవచ్చు. పాపకి ఈ మాట ముందే చెప్పండి, తర్వాత అద్దంలో చూసుకుని బెంగ పెట్టుకోకుండా. ఇంకో మాట కూడా చెప్పండి తనకి. 1964 ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన బ్రూమెల్ అనే రష్యన్, మరుసటి ఏడు మోటార్‌సైకిల్ యాక్సిడెంట్‌లో కాలు నుజ్జయి, ఎన్నో ఆపరేషన్లయ్యాక ఆ ఇలిజారోవ్ దగ్గరికే వెళ్ళాడు. ఇవే రింగులు వేయించుకున్నాడు, ఆ కాలితో మళ్ళీ దూకాడు కూడా.

ప్రతి ఆదివారం ఒక పని పెట్టుకోండి. పాప గోడకి ఎదురుగా నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, మోకాలు తిన్నగా పెట్టి, పాదం గోడకి ఆనించాలి. వేళ్ళు ఆనతాయి, మడమ ఆనదు, మడమకీ గోడకీ మధ్య మీ వేళ్ళు ఎన్ని పడతాయో చూడండి, పక్కనుంచి ఫొటో తియ్యండి, క్యాలెండర్ మీద ఆ తారీఖులో అంకె రాయండి. మూడు వేళ్ళు పట్టింది వచ్చే వారం కూడా మూడే ఉంటే మీరు కండని ఎముకతో సమానంగా పరిగెత్తిస్తున్నట్టే, ఎందుకంటే ఆ వారంలో ఎముక ఏడు మిల్లీమీటర్లు పెరిగింది. నాలుగైతే సోమవారం ఆసుపత్రికి ఫోన్, ఫొటో కూడా పంపండి. రేపు ఫోన్ చేసి డాక్టర్ గారు ఏమన్నారో, స్ప్లింట్ ఇచ్చారో లేదో నాకు ఒక ముక్క రాయండి, మొదటి ఆదివారం ఎన్ని వేళ్ళు పట్టాయో అది కూడా.